తిరిగొచ్చే నీళ్లు చెప్పే మాట

పెద్ద భవనాలకు ఏసీ డిజైన్ చేసే పనిలో 36 ఏళ్లు గడిపాను. ఎక్కువగా హైదరాబాద్‌లోనే: ఆసుపత్రులు, హోటళ్లు, ఐటీ భవనాలు, రెండు ఆడిటోరియాలు, ఒక మందుల ఫ్యాక్టరీ. డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి టీ-స్క్వేర్‌తో మొదలుపెట్టాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఫోన్‌లోనే ప్లాంటంతా చూస్తున్నారు. వాళ్లలో ముగ్గురు ఈమధ్య ఇంటికొచ్చి, "సార్, సైట్లలో మీరు చెప్పేవన్నీ ఒకచోట రాసిపెట్టండి" అని అడిగారు. వాళ్ల కోసమే ఇది.

ఈ పని ఎరగని వాళ్లకు ముందుగా రెండు ముక్కలు. ఇంటి ఏసీ గదిలోని వేడిని నేరుగా గ్యాసులోకి లాగుతుంది. ఇరవై అంతస్తుల భవనంలో ప్రతి గదికీ అలా గ్యాసు పైపులు లాగడం కష్టమైన పని. అందుకని కింద ప్లాంటు రూములో చిల్లర్ అనే యంత్రంతో నీళ్లను చల్లబరిచి, పంపులతో పై అంతస్తులకు తోస్తాం. అక్కడ ఏహెచ్‌యూ అని గాలి ఊదే పెద్ద పెట్టెలుంటాయి. వాటిలోని రాగి కాయిల్ గుండా పోతూ నీళ్లు గదుల వేడిని తీసుకుని కిందికి తిరిగొస్తాయి. చిల్లర్ ఆ వేడిని ఇంకో నీటి చుట్టుకు అప్పగిస్తుంది. ఆ రెండో నీళ్లు మేడ మీది కూలింగ్ టవర్‌లో కొంత ఆవిరై, వేడిని గాలికి వదిలేస్తాయి. మామూలుగా మా లెక్కలో చల్లని నీళ్లు 44 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర బయల్దేరి, 54 దగ్గర తిరిగి రావాలి. సెల్సియస్‌లో దాదాపు 7, 12.

1. ప్లాంటు రూములో అడుగు పెట్టగానే అందరూ చిల్లర్ స్క్రీన్ దగ్గరకు పోతారు. నేను రిటర్న్ హెడర్ (తిరిగొచ్చే నీళ్లన్నీ కలిసే పెద్ద పైపు) మీది థర్మామీటర్ దగ్గరకు పోతాను. వెళ్లే నీళ్ల ఉష్ణోగ్రత మనం పెట్టుకున్నది. తిరిగొచ్చే నీళ్ల ఉష్ణోగ్రత భవనం మనకు చెప్పేది.

లెక్క చాలా చిన్నది. నిమిషానికి పారే నీళ్లను అమెరికన్ గ్యాలన్లలో తీసుకుని, ఉష్ణోగ్రతల తేడాతో హెచ్చవేసి, 24తో భాగిస్తే టన్నులొస్తాయి, అంటే ఎంత వేడిని లాగుతున్నామో చెప్పే కొలత. 1200 గ్యాలన్లు, 10 డిగ్రీల తేడా అయితే 500 టన్నులు. అవే 1200 గ్యాలన్లు 6 డిగ్రీల తేడాతో తిరిగొస్తే 300 టన్నులే. పంపు మాత్రం అంతే నీళ్లను అంతే కష్టపడి తోసింది.

ఒక ఆసుపత్రిలో నేను డిజైన్ చేసిన ప్లాంటు ఇది. 500 టన్నుల చిల్లర్లు మూడు. రెండు నడవాలి, మూడోది స్పేర్. నడిచిన రెండో ఏడాది ఆపరేటర్ నన్ను పిలిపించాడు. "సార్, రెండు నడిపితే పైన ఐసీయూ నుంచి ఫోన్లొస్తున్నాయి. మూడు నడిపితే మూడూ సగం లోడు మీదే ఉంటున్నాయి. నాకు అంతు చిక్కట్లేదు" అన్నాడు. రిటర్న్ చూస్తే 49. చిల్లర్ల గుండా నీళ్లు తిప్పే ప్రైమరీ పంపులు వేరు, భవనానికి తోసే సెకండరీ పంపులు వేరు. ఈ రెండు చుట్లనూ కలుపుతూ మధ్యలో ఒక అడ్డ పైపు ఉంటుంది, డీకప్లర్ అంటాం. రెండు చిల్లర్లే నడిపించి, పైపుకు బిగించే థర్మామీటర్ దాని మీద పెట్టాను. 44 చూపించాల్సిన చోట 49 చూపించింది. అంటే భవనం చిల్లర్లు ఇచ్చేదానికన్నా ఎక్కువ నీళ్లు లాగుతోంది. పైనుంచి తిరిగొచ్చిన నీళ్లలో కొన్ని చిల్లర్ మొహం చూడకుండానే మళ్లీ పైకి పోతున్నాయి. ఐసీయూకు చేరేసరికి నీళ్లు 46, 47. యంత్రాలకేమీ కాలేదు. రోగం నీళ్లు తిరిగే తీరులో ఉంది.

2. ఆ రోగానికి మొదటి కారణం నా డ్రాయింగే. పైపు 3 అంగుళాలైతే కంట్రోల్ వాల్వూ 3 అంగుళాలే రాసేశాను. అందరూ అలాగే రాసేవాళ్లు. అంత పెద్ద వాల్వు కాస్త తెరుచుకోగానే కాయిల్‌కు కావలసిన నీళ్లన్నీ వచ్చేస్తాయి. ఆపైన తెరిచిందంతా ఊరికే పారే నీళ్లు. అవి వేడి పట్టుకోకుండానే వెనక్కొస్తాయి. వాల్వు సైజు పైపును చూసి కాదు, అందులోంచి పోవాల్సిన నీళ్లను, దాని దగ్గర పడిపోవాల్సిన ఒత్తిడిని చూసి ఎంచాలి. సరిగ్గా ఎంచితే 3 అంగుళాల పైపు మీద 2 అంగుళాల వాల్వు, ఒక్కోసారి అంతకన్నా చిన్నది వస్తుంది. కాంట్రాక్టరు వచ్చి "ఇదేంటి సార్, ఇంత చిన్నదా?" అంటాడు. అనుమానమొస్తే లెక్క మళ్లీ వేసుకోండి. లెక్క సరిగ్గా ఉంటే వెనక్కి తగ్గకండి.

రెండో కారణం సెట్ పాయింట్. ఎవరో డాక్టరు గారు వేడిగా ఉందన్నారని, ఏహెచ్‌యూ నుంచి వచ్చే గాలిని 55 దగ్గర నుంచి 50కి దించారు. 44 డిగ్రీల నీళ్లతో ఆ కాయిల్ గాలిని 50కి తేలేదు. వాల్వు పూర్తిగా తెరుచుకుని రాత్రీ పగలూ అలాగే ఉండిపోయింది. అలాంటివి ఆ భవనంలో 11 దొరికాయి.

3. మూడో కారణం నాలుగో అంతస్తులో దొరికింది. దాన్ని కాస్త విడమరచి చెప్తాను, ఎందుకంటే కంప్యూటర్ దాన్ని ఇవాళ్టికీ పట్టుకోలేదు.

ఆ ఏహెచ్‌యూకు ఫిల్టర్లు కొత్తవి, ఫ్యాన్ బాగుంది, బెల్టు బిగువుగా ఉంది. నీళ్లు నిండుగా వస్తున్నాయి. అయినా గాలి 60 దగ్గర ఆగిపోతోంది. నాతో వచ్చిన ఫిట్టర్ భాయ్ తలుపు తీసి, ఫ్యాన్ ఆపించి లోపలికి దూరాడు. ఒక చెయ్యి ఫిల్టర్ వైపు కాయిల్ మీద, ఇంకో చెయ్యి ఫ్యాన్ వైపు పెట్టాడు. కొంచెంసేపు కళ్లు మూసుకున్నాడు. "సాబ్, ఇధర్ జ్యాదా థండా" (ఇటు ఎక్కువ చల్లగా ఉంది) అన్నాడు, ఫిల్టర్ వైపు చూపిస్తూ.

అది తలకిందుల పని. గది నుంచి వచ్చే వేడి గాలి ముందు ఫిల్టర్ వైపు కాయిల్‌ను తాకుతుంది. చల్లని నీళ్లు దానికి ఎదురుగా, ఫ్యాన్ వైపు నుంచి లోపలికి రావాలి. అప్పుడు నీళ్లు వెళ్లేకొద్దీ మరింత వేడి గాలిని ఎదుర్కొంటూ బాగా వెచ్చబడి బయటపడతాయి. ఇక్కడ సప్లై, రిటర్న్ పైపులు తారుమారు చేసి కలిపారు. గాలి, నీళ్లు ఒకే వైపుకు నడుస్తున్నాయి. అలా నడిస్తే నీళ్లు బయటికొచ్చే గాలికన్నా వెచ్చబడటం జరగదు, ఎన్ని వరసల కాయిల్ పెట్టినా. పైపుల మీద బాణం గుర్తులు, రంగులు, స్టిక్కర్లు అన్నీ ఉన్నాయి. తప్పు పైపు మీద ఒప్పు స్టిక్కర్.

ఆ భవనంలో అలాంటివి మొత్తం ఆరు. ఒక్కోదానికి ఒక పూట పట్టింది. వాల్వులు మార్చి, సెట్ పాయింట్లు సరిచేసి, పైపులు తిప్పి కలిపేసరికి రెండు నెలలు. రిటర్న్ 54కు ఎక్కింది. మూడో చిల్లర్ ఆగింది. ఐసీయూ వాళ్ల ఫోన్లు ఆగాయి.

4. "ఎందుకైనా మంచిది" అనే మాటను లెక్కల్లోకి రానివ్వకండి. లోడు కట్టినవాడు ఎందుకైనా మంచిదని 10 శాతం కలుపుతాడు. పంపు ఎంచినవాడు మరో 10. అమ్మేవాడు ఇంకో 10. 100 కాస్తా 133 అవుతుంది. అందుకే ఏ ప్లాంటుకు పోయినా డిశ్చార్జి వాల్వు గొంతు సగం నొక్కేసిన పంపులు కనబడతాయి. ఓనరు పెద్ద మోటారు కొన్నాడు, దాని బలాన్ని వాల్వు దగ్గర చంపడానికి నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నాడు. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) కోయించండి, లేదా వీఎఫ్‌డీతో వేగం తగ్గించండి. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే పంపు తినే కరెంటు సగానికి పడుతుంది.

లోడు కట్టేటప్పుడు "150 చదరపు అడుగులకు ఒక టన్ను" అనే పాత లెక్క పట్టుకు వేలాడకండి. గాజు ఎలాంటిది, పడమటి గోడ ఎంత, పైకప్పు మీద ఏం వేశారు, ఎంతమంది కూర్చుంటారు, ఎన్ని గంటలు? ఇవన్నీ అడిగి కట్టిన భవనాల్లో నేను 350 అడుగులకు ఒక టన్నుతో సరిపెట్టినవీ ఉన్నాయి.

మరో మాట. భవనం పూర్తి లోడు మీద ఉండేది ఏడాదిలో కొద్ది గంటలే. మిగతా కాలమంతా సగం, పావు లోడు. ఒక హోటల్లో 400 టన్నుల సెంట్రిఫ్యుగల్ చిల్లర్లు రెండు పెట్టాం. తెల్లవారుజామున రెండింటికి లోడు 60 టన్నులు. పెళ్లి వంట గుండిగలో ఇద్దరికి పాలు కాచినట్టుంది వ్యవహారం. చిల్లర్ సర్జ్ కొట్టేది: ఊపిరి బిగపట్టి ఒక్కసారి వదిలినట్టు గుభేలుమనే చప్పుడు, నేల అదిరేది. చివరికి పక్కన 100 టన్నుల స్క్రూ చిల్లర్ ఒకటి పెట్టించాం. ఆపరేటర్లు దాన్ని పిల్ల చిల్లర్ అనేవాళ్లు. ఇప్పుడు నేను రాత్రి రెండింటి లోడు ముందు అడుగుతాను, మధ్యాహ్నం మూడింటిది తర్వాత.

5. కూలింగ్ టవర్‌కు కష్టకాలం మే నెల అనుకోకండి. ఇంట్లో ఎయిర్ కూలర్ ఉన్న ప్రతి హైదరాబాదీకీ ఈ సంగతి తెలుసు: మేలో గదిని గజగజలాడించే కూలర్, జూలైలో ఇల్లంతా జిగట చేస్తుంది. కుండలో నీళ్లూ అంతే. నీళ్లు ఆవిరైతేనే చల్లబడతాయి, గాలి పొడిగా ఉంటేనే ఆవిరవుతాయి. టవర్ ఎంత గొప్పదైనా నీళ్లను ఆనాటి వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది) కన్నా కిందికి దించలేదు.

మే మధ్యాహ్నం ఎండ 42 సెల్సియస్, తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ దాదాపు 23, 24. జూలైలో వాన వెలిసిన సాయంత్రం 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 27. మనుషులకు హాయిగా ఉన్న సాయంత్రమే టవర్‌కు కష్టం. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఎండా తేమా కలిసే వస్తాయి, కాబట్టి హైదరాబాద్ టవర్‌ను అక్కడికి ఎత్తుకుపోయి పెట్టకండి.

టవర్ ఎంచడం ఒక ఎత్తు, పెట్టడం ఇంకో ఎత్తు. ఒక వాణిజ్య భవనంలో టవర్లు బయటికి కనబడటం బాగోదని చుట్టూ 15 అడుగుల గోడ కట్టారు. టవర్ పైనుంచి వదిలిన తడి వేడి గాలి పక్కకు పోయే దారి లేక మళ్లీ కిందనుంచి లోపలికే వచ్చింది. తను వదిలిన ఊపిరినే తను పీల్చుకున్నట్టు. చిల్లర్ హై ప్రెషర్ మీద ట్రిప్ అయ్యేది. గోడలో నాలుగు వైపులా జాలీలు పెట్టించాక గానీ తగ్గలేదు. ఆర్కిటెక్ట్‌తో మాట్లాడాల్సింది పునాది రోజుల్లో.

6. చల్లదనం వేరు, పొడిదనం వేరు. విల్లిస్ క్యారియర్ 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు తన మొదటి ఏసీ గీసింది మనుషుల కోసం కాదు. గాలిలోని తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోవడమే అక్కడి బాధ. మన వృత్తి పుట్టిందే తేమను పట్టడానికి.

ఒక ఆడిటోరియంలో కరెంటు ఆదా చేయాలని ఆగస్టులో చిల్లర్ నీళ్లను 52కు పెంచారు. గది 24 సెల్సియస్ దగ్గరే నిలబడింది, లెక్కప్రకారం అంతా బాగుంది. కానీ తివాచీ నుంచి ముక్కిపోయిన వాసన వచ్చింది, వేదిక మీద ఉపన్యాసం కాగితాలు మెత్తబడి వంగిపోయాయి. నీళ్లు వెచ్చబడితే కాయిల్ గాలిని చల్లబరుస్తుంది గానీ దాని తేమను సరిగ్గా పిండలేదు.

వెచ్చటి నీళ్లతో కరెంటు ఆదా కావడం మాత్రం నిజం. నీళ్లను ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెంచితే చిల్లర్ తినే కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుంది. దాన్ని ఎలా వాడుకోవాలో మన హైదరాబాద్ పక్కనే, పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో చేసి చూపించారు. ఒకే భవనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు గాలి ఏసీ పెట్టారు. రెండో సగంలో శ్లాబులోనే పైపులు పరిచి, అంత చల్లగా లేని నీళ్లను తిప్పారు. తేమను పట్టే పని బయటి గాలి తెచ్చే యంత్రానికి విడిగా అప్పగించారు. రెండు సగాలకూ విడివిడి మీటర్లు. శ్లాబు వైపు ఏసీ తినే కరెంటు మూడో వంతుకు పైగా తక్కువొచ్చింది. ఆ లెక్కలు మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ తేమ కోసం 44 డిగ్రీల నీళ్లు తయారుచేసి, వాటితోనే గది వేడిని కూడా మోయించాం కదా అనిపించింది. వీలున్న ప్రతి కొత్త భవనంలో ఈ రెండు పనులనూ విడదీయండి.

7. నీళ్ల లెక్క మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. ఒక టన్ను గంటసేపు నడిస్తే టవర్‌లో సుమారు 6.5 లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పులు ఆవిరి కావు, మిగిలిన నీళ్లలో చిక్కబడతాయి. అవి మూడింతలు చిక్కబడగానే కొంత వదిలేయాలంటే, వదిలేది ఆవిరిలో సగం. వెరసి 1000 టన్నుల ప్లాంటు పూర్తి లోడు మీద గంటకు దాదాపు 10 వేల లీటర్లు అడుగుతుంది. అంటే గంటకో పెద్ద ట్యాంకర్. వేసవిలో ట్యాంకర్ల కోసం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు పడే అవస్థ చూసిన ఏ ఓనరైనా అప్పుడు వింటాడు.

మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు. ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే తెల్ల పెచ్చే, చిల్లర్‌లో టవర్ నీళ్లు పారే కండెన్సర్ ట్యూబుల్లోనూ పడుతుంది. సాఫ్టనర్ పెట్టండి. ఎస్‌టీపీలో శుద్ధి చేసిన మురుగు నీళ్లు వాడటం మంచిపని, అయితే ముందు పరీక్ష చేయించండి. అందులో అమ్మోనియా మిగిలితే రాగి ట్యూబులను తినేస్తుంది.

8. పైపులు కడగకుండా కాయిల్స్‌లోకి నీళ్లు వదలకండి. ఒక సైటులో ఓపెనింగ్ తేదీ దగ్గరపడిందని తొందరపెడితే ఒప్పుకున్నాను. వారానికే పంపు మూలగడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి స్ట్రెయినర్ విప్పితే డికాషన్ రంగు నీళ్లతో పాటు వెల్డింగ్ రాడ్ ముక్కలు, సిమెంటు పెళ్లలు, ఒక గోనెపట్టా పీలిక వచ్చి పళ్లెంలో పడ్డాయి. జాలీ దాటిపోయిన సన్న మట్టి కాయిల్స్‌లోకి చేరిపోయింది. వాటిని బాగుచేయడానికి ఏడాది పట్టింది.

9. ఇన్సులేషన్ మందం గురించి అందరూ అడుగుతారు, క్లాంపు దగ్గర ఏం పెట్టారని ఎవరూ అడగరు. చల్లని పైపును ఇనుప క్లాంపు నేరుగా పట్టుకుంటే వానాకాలంలో అక్కడ చెమట పట్టి, ఫాల్స్ సీలింగ్ మీద మరక వేస్తుంది. మధ్యలో గట్టి పఫ్ (ఫోమ్) దిమ్మో చెక్క దిమ్మో ఉండాలి.

10. చిల్లర్ ముందు ఖాళీ జాగా వదలండి. కండెన్సర్ ట్యూబుల పొడవు 12, 14 అడుగులుంటుంది. ఏదో ఒకరోజు ఒక ట్యూబు మార్చాలంటే అది పూర్తి పొడవునా నేరుగా బయటికి రావాలి. నా మూడో ప్రాజెక్టులో ఎదురుగా గోడ గీశాను. పదేళ్ల తర్వాత ట్యూబు కారినప్పుడు ఆ గోడ పగలగొట్టారు. ఆ దుమ్ములో నిలబడి చూశాను. అప్పటి నుంచి నా ప్రతి డ్రాయింగ్‌లో ఆ జాగాను చుక్కల గీతతో చూపించి "ఇక్కడ ఏమీ కట్టరాదు" అని తెలుగులో కూడా రాస్తున్నాను, మేస్త్రీ చదవాలి కదా.

11. థర్మామీటర్లు మనిషి కళ్లకు ఎదురుగా పెట్టండి. 12 అడుగుల ఎత్తున, పైపు వెనక పెట్టినదాన్ని నైట్ షిఫ్ట్ మనిషి చూడడు. నిన్నటి అంకెనే లాగ్‌బుక్‌లో ఎక్కిస్తాడు. తప్పు అతనిది కాదు, అది అక్కడ పెట్టినవాడిది. ప్లాంటు అప్పగించాక మే నెలలో ఒకసారి, జూలైలో ఒకసారి మీ ఖర్చు మీదైనా వెళ్లి రండి. ఆపరేటర్ పక్కన కూర్చోండి, ముందు అతన్ని మాట్లాడనివ్వండి. నాకు పై సంగతుల్లో సగం చెప్పింది వాళ్లే.

ఆ ఆసుపత్రి ఆపరేటర్ నిరుడు రిటైరయ్యాడు. పోతూ పోతూ కొత్త కుర్రాడికి నా నంబరిచ్చాడట. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున ఆరింటికి లాగ్‌బుక్ పేజీ ఫోటో వస్తుంది. ఈ నెల పేజీలో వెళ్లే నీళ్లు 44, వచ్చే నీళ్లు 54.5, నడుస్తున్న చిల్లర్లు రెండు. కింద ఆ కుర్రాడి గుండ్రటి చేతిరాతలో ఒక వరస ఉంది: "ఐసీయూ నుంచి ఫోన్లు లేవు సార్."